వానకు ఆగే ఓడ మనిషికి ఆగదా?

ఓడ ఒక రోజు ఆలస్యమైతే ఎంత నష్టమో మా టెర్మినల్లో టీ తెచ్చే కుర్రాడిని అడిగినా చెబుతాడు. డాలర్లలో చెప్పి, ఆనాటి మారకం రేటు చూసి రూపాయల్లోకీ మారుస్తాడు. అదే, ఓడ అడుగున సరుకుండే హోల్డులో గాలి బాగోలేదని అరగంట పని ఆపితే ఆ అరగంట ఎవరి ఖాతాలో పడుతుందో అడగండి. జనరల్ మేనేజరు కూడా నసుగుతాడు. ఏ కాగితంలోనూ ఆ సంగతి లేదు మరి. కాగితంలో లేని ఖర్చు చిట్టచివరికి ఎవరి నెత్తిన పడుతుందో పోర్టు గేటు లోపల పనిచేసిన ఎవరికైనా తెలుసు.

నేను విశాఖలో ఒక బల్క్ కార్గో టెర్మినల్లో హెచ్‌ఎస్‌ఈక్యూ మేనేజర్ని. ఆరోగ్యం, భద్రత, పర్యావరణం, నాణ్యత, నాలుగింటినీ కలిపి ఒక కుర్చీకి కట్టేశారు. కళాసీలు అంత పొడుగు పేరు పలకరు. మామూలుగా ‘సేఫ్టీ మేడమ్’ అంటారు, విసుగొస్తే ‘పని ఆపే మేడమ్’ అంటారు. రెండోదే నా ఉద్యోగానికి సరైన పేరని నాకు అనిపిస్తుంది. మా నాన్న కూడా ఈ ఊరి పోర్టులోనే వించ్ నడిపాడు. ఆయనకిచ్చిన హెల్మెట్టు చాలాకాలం మా పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడానికి పనికొచ్చింది. తలకి పెట్టుకున్నట్టు నాకైతే గుర్తులేదు. ఆ రోజుల నుంచి చూస్తే ఇప్పుడు చాలా మారింది, కాదనను. బూట్లున్నాయి, మెరిసే జాకెట్లున్నాయి, పొద్దున పని మొదలయ్యే ముందు గ్యాంగును నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే అయిదు నిమిషాలున్నాయి. రిసెప్షన్ గోడ మీద వరుసగా ఫ్రేములున్నాయి: నాణ్యతకు ఐఎస్‌ఓ 9001, పర్యావరణానికి 14001, ఆరోగ్య భద్రతలకు 45001. ఆడిట్ వారం వస్తే నేల మీద పసుపు గీతలు కొత్తగా మెరుస్తాయి.

ఆ ఫ్రేముల మీద నాకు కోపమేమీ లేదు. వాటికోసం రాత్రిళ్లు కూర్చుని ఫైళ్లు కుట్టినదాన్నే. కానీ ఒక పోర్టులో ప్రమాణాలు ఉన్నాయా లేవా అని నన్నెవరైనా అడిగితే ఫ్రేముల వైపు చూడను. ఓడ అడుగున నిలబడ్డ కళాసీ ‘ఆపండి’ అని అరిస్తే పైన క్రేను ఆగుతుందా? ఆగితే అతని కూలి తెగుతుందా? మర్నాడు అతనికి గేటు పాసు దొరుకుతుందా? ఈ మూడు ప్రశ్నలు అడుగుతాను. చాలా చోట్ల మొదటిదానికి అవుననే జవాబు వస్తుంది, రెండోదానికి గొంతు తగ్గుతుంది, మూడోదానికి మాట మారుస్తారు.

బయటివాళ్లకు ఈ డబ్బు లెక్క కాస్త విప్పి చెప్పాలి. ఓడను అద్దెకు తీసుకున్నవాడికి సరుకు దించుకోవడానికి ఇన్ని రోజులని గడువు ఇస్తారు. గడువు దాటితే రోజుకింత అని ఓడ యజమానికి కట్టాలి, దాన్ని డెమరేజి అంటారు. ముందే ముగిస్తే కొంత తిరిగొస్తుంది, దాని పేరు డిస్పాచ్. దీనికి తోడు 2016లో కేంద్ర నౌకా రవాణా శాఖ ప్రధాన పోర్టుల్లో డ్రై బల్క్ సరుకులకు కొత్త బెర్తింగ్ విధానం తెచ్చింది. ఏ సరుకు రోజుకు ఎన్ని టన్నులు దిగాలో లెక్క కట్టి, తగ్గితే జరిమానా, మించితే ప్రోత్సాహకం అన్నారు. అందులో తప్పేమీ లేదు. ఓడలు వారాలకు వారాలు లంగరేసుకుని ఎదురుచూసిన కాలం నాకూ తెలుసు, ఆ నష్టమంతా కరెంటు బిల్లులోనో ఎరువు బస్తా ధరలోనో మన మీదే పడేది. నా మాట అంతా ఆ ఒత్తిడి ఎలా కిందికి పాకుతుందన్న దాని గురించే. ఓడ యజమాని నుంచి దిగుమతిదారుకి, అక్కణ్నుంచి సరుకు దించే స్టీవ్‌డోర్‌కి, అతన్నుంచి లేబర్ కాంట్రాక్టరుకి, కాంట్రాక్టరు నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి గ్యాంగుకి. గ్యాంగుకు టన్ను లెక్కన కూలి. కాబట్టి పైన డాలర్లలో మొదలైన తొందర కింద తిండి గింజల తొందరై తేలుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇదే అద్దె ఒప్పందాల్లో వానకు మినహాయింపు ఉంటుంది. పని చేయగలిగిన వాతావరణం ఉన్న రోజులే లెక్క అని చాలా ఒప్పందాల్లో స్పష్టంగా రాస్తారు. యూరియా ఓడ దిగుతోంది, మబ్బు పట్టింది, నాలుగు చినుకులు పడ్డాయి. హోల్డు మూతలు, అంటే హ్యాచ్‌లు, మూసేస్తారు. ఎవరూ ఎవరినీ తిట్టరు. ఓడ ఏజెంటు తన స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే కాగితంలో ‘వాన వల్ల పని ఆగింది, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు’ అని రాసుకుంటాడు, కెప్టెన్ సంతకం పెడతాడు, ఆ గంటలు గడువులోంచి తీసేస్తారు. ఓడ క్రేను చెడిపోయినా అంతే, దానికీ ఒక వరుస రాస్తారు. లారీలు రాకపోతే దానికీ రాస్తారు. సరుకు తడవకూడదని ఎవరూ వాదించకుండానే ఒప్పుకున్నారు. హోల్డులో గాలి ఆడక పని ఆపినప్పుడు మాత్రం ఆ కాగితంలో ఏమని రాయాలో ఎవరికీ తోచదు. ‘ఇతరములు’ అని రాస్తారు. లేదా ‘లేబర్ కారణంగా ఆలస్యం’ అని రాస్తారు. ఆ రెండో మాట నేను చదివిన రోజున ఏజెంటు కుర్రాడితో గట్టిగానే మాట్లాడాను. “మేడమ్, నన్నేం చేయమంటారు, ఫారంలో వేరే గడి లేదు” అన్నాడు. నిజమే, గడి లేదు.

గాలి అంటే ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే పోర్టులో మనిషిని చప్పుడు లేకుండా తీసుకుపోయేది అదే. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, పైగా కార్బన్ మోనాక్సైడు, ఒక్కోసారి మీథేను వదులుతుంది. దుంగలు కూడా పడి పడి కుళ్లుతూ ఆక్సిజన్ తినేస్తాయి. దూరదేశం నుంచి మూతలు వేసుకుని వచ్చిన ఓడ హ్యాచ్ తెరవగానే పైపొర గాలి మారుతుంది, దాన్ని చూసి అంతా బాగుందనుకుంటారు. హోల్డులోకి దిగడానికి పక్కన ఒక ఇరుకు గొట్టంలాంటి మెట్లదారి ఉంటుంది. ఓడ భాషలో ఆస్ట్రేలియన్ ల్యాడర్ అంటారు. హ్యాచ్ బార్లా తెరిచినా ఆ దారి అడుగున గాలి కదలదు, సరుకు ఊపిరంతా అక్కడే నిలుస్తుంది. మనిషి సగం మెట్లు మామూలుగానే దిగుతాడు. వాసన రాదు, దగ్గు రాదు, కళ్లు మండవు. మోకాళ్లు వదిలేస్తాయి, పడిపోతాడు. పైనుంచి చూసిన స్నేహితుడు జారిపడ్డాడనుకుని గబగబా దిగుతాడు, అతనూ పడతాడు. ఇలాంటి ప్రమాదాలు ప్రపంచంలో ఎక్కడ జరిగినా కాపాడబోయి చనిపోయినవాళ్లు తరచుగా ఆ లెక్కలో ఉంటారు. పరిగెత్తి దిగిన రెండోవాడి ప్రేమే అతన్ని తినేస్తుంది.

దీనికి మందు ఏమంత ఖరీదైనది కాదు. అరచేతిలో పట్టే గ్యాస్ మీటరు, దాన్ని తాడు కట్టి పైమెట్టు దగ్గర, మధ్యలో, అడుగున దింపి చూడ్డం, ఫ్యాన్ పెట్టడం, మళ్లీ చూడ్డం. ఓడలకు ఇలాంటి మీటరు 2016 జూలై నుంచి అంతర్జాతీయంగా తప్పనిసరి. ఓడ సిబ్బంది రెండు నెలలకోసారి ఇరుకు చోట్ల నుంచి మనిషిని పైకి తీసే కసరత్తు చేయాలన్న నియమం 2015 జనవరి నుంచి ఉంది. గమనించండి, ఇది ఓడ సిబ్బందికి. గ్యాంగుతో పాటు దిగే మన కళాసీకి ఆ కసరత్తు ఎవరు చేయించాలి? కాంట్రాక్టరు చేయిస్తాడని టెర్మినల్ అనుకుంటుంది. కాంట్రాక్టరు ఇవాళ పాతిక మందిని పంపుతాడు, రేపు వేరే పాతిక మందిని పంపుతాడు.

ఒక మే నెల మధ్యాహ్నం బొగ్గు ఓడ మీద మీటరు మోగింది. మెట్లదారి మూసేయమన్నాను. మేస్త్రీ నాన్నకు తెలిసినాయనే, పెద్దవాడు. “ఏటవుతాది తల్లీ, రోజూ దిగుతున్నదే కదా” అన్నాడు. “బాబాయ్, రోజూ దిగుతున్న ఓడ ఇది కాదు కదా” అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ గ్యాంగులో ఒక కుర్రాడు అడిగాడు: “ఫ్యాను పెట్టీదాకా కూకుంటే మాకు డబ్బులిస్తారా మేడమ్?” నా దగ్గర జవాబు లేదు. అతని మెడలో వేలాడే కార్డు వెనక ‘ప్రమాదం అనిపిస్తే పని ఆపే అధికారం మీకు ఉంది’ అని కంపెనీ అచ్చు వేయించింది. ఇంగ్లీషులో వేయించింది. తెలుగులో ఉన్నా ఆ కుర్రాడి ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

బియ్యం ఎగుమతి చేసే కాకినాడలో సమస్య వేరే రూపంలో ఉంటుంది. పురుగు పట్టకుండా హోల్డుల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వేస్తారు, వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ పురుగుకూ మనిషికీ తేడా చూడదు. మందు వేసిన హోల్డు దగ్గర బోర్డు ఏ భాషలో ఉందో చూడమని నేను ప్రతి కొత్త సేఫ్టీ ఆఫీసరుకూ చెబుతాను.

ఇదంతా ఇప్పటి గొడవ అనుకుంటారేమో, కాదు. ఏటా ఏప్రిల్ 14న దేశమంతా పోర్టుల్లో, ఫ్యాక్టరీల్లో అగ్నిమాపక దినం జరుపుతాం, జేబుకి చిన్న జెండా గుచ్చుకుంటాం. అది 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలిన రోజు. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి, అదే ఓడలో కరాచీ నుంచి ఎక్కించిన పత్తి బేళ్లున్నాయి. యుద్ధకాలం, ఓడలు చాలవు, ఖాళీ ఉంచొద్దన్నారు. మధ్యాహ్నం పొగ కనిపించింది. సుమారు రెండు గంటల పాటు నీళ్లు కొట్టారు. ఓడను అక్కడే ముంచేయాలా, డాక్ బయటికి లాగాలా అన్నది ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. అక్కడ కెప్టెన్ ఉన్నాడు, డాక్ అధికారులున్నారు, సైన్యంవాళ్లున్నారు, అగ్నిమాపక దళం ఉంది. ఒక్కరూ తేల్చలేదు. నాలుగు దాటిన ఆరు నిమిషాలకు పేలింది. వందల మంది పోయారు, అందులో 66 మంది మంటలార్పడానికి వచ్చినవాళ్లే. నేను ఈ కథ కొత్తవాళ్లకు చెప్పినప్పుడు పత్తి, మందుగుండు ఒకచోట పెట్టిన తప్పు దగ్గర ఆగను, అది అందరికీ అర్థమవుతుంది. ‘ఆపు’ అనే అధికారం నలుగురి మధ్య చీలిపోతే ఎవరి దగ్గరా లేనట్టేనన్నది ఆ రెండు గంటల్లో ఉంది.

బీరుట్ సంగతీ ఇదే దారిలో నడిచింది. 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు పోర్టు గోదాములో ఏళ్ల తరబడి పడి ఉంది. కస్టమ్స్ అధికారులు కోర్టుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఫైలు సక్రమంగా ఉంది, సరుకు కదల్లేదు. 2020 ఆగస్టు 4న అది పేలి 200 మందికి పైగా చనిపోయారు. అప్పుడు మన దేశం ఒక్కసారిగా ఉలిక్కిపడి తన గోదాముల వైపు చూసుకుంది. చెన్నై శివారులో కస్టమ్స్ పట్టుకున్న దాదాపు 700 టన్నులు 2015 నుంచి అలాగే ఉన్నాయని తేలింది. కొన్ని రోజుల్లోనే వాటిని లారీలకెక్కించి హైదరాబాదు వైపు పంపారు. అయిదేళ్లు కదలనిది వారంలో ఎలా కదిలింది? ఆపే అధికారం, కదిపే అధికారం మొదటి నుంచీ ఉన్నాయి, భయం కొత్తగా వచ్చింది. మన గనుల్లో పేలుళ్లకు వాడే ఈ సరుకు చాలా వరకు విశాఖ మీదుగానే దిగుమతవుతుంది కాబట్టి ఇది మాకు పరాయి ఊరి వార్త కాదు. ఆ తర్వాత నియమాలు బిగించారు, పోర్టులో దిగిన సరుకును పోర్టు పరిధికి 500 మీటర్ల అవతలి గోదాముకు తరలించాలన్నారు. మంచి మార్పు. ఆ మార్పుకు బీరుట్ కావాల్సి వచ్చింది.

మాకైతే బీరుట్ కన్నా ముందే 1997 ఉంది. సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున. ఓడ నుంచి గ్యాస్ దించుకుంటుండగా మల్కాపురం రిఫైనరీలో లీకై నిప్పంటుకుని దాదాపు 60 మంది చనిపోయారు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. జ్ఞానాపురంలో మా వీధి వీధంతా తలుపులు వేయకుండానే సింహాచలం వైపు నడిచింది. పోర్టు పైపుకీ ఊరి వంటింటికీ మధ్య ఎంత దూరముందో విశాఖవాళ్లకు లెక్క కట్టి చూపించక్కర్లేదు.

పర్యావరణం అనే మూడో అక్షరం దగ్గరికి వస్తే ఆ దూరం ఇంకా తగ్గిపోతుంది. పాతనగరంలో మీ బంధువులెవరైనా ఉంటే డాబా మీద ఆరేసిన బట్టలు అడగండి. బొగ్గు పొడి సంగతి వాళ్లు నాకన్నా బాగా చెబుతారు. విశాఖ భూమి తీరే అంత, ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పోర్టూ ఫ్యాక్టరీలూ జనమూ. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక దుమ్మంతా ఈ గిన్నెలోనే తిరుగుతుంది. పోర్టు ఏమీ చేయలేదనడం అన్యాయం. గుట్టల మీద నీళ్లు చల్లే యంత్రాలున్నాయి, కప్పిన కన్వేయర్లున్నాయి, పైకప్పు షెడ్లు వచ్చాయి, చెట్లు పెంచారు. 2014లో హుద్‌హుద్ తుపాను వాటిలో చాలా వాటిని పడగొట్టింది, మళ్లీ నాటారు.

నాకున్న పేచీ కొలిచే పద్ధతితో. గాలిలో పీఎం10 ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన జాతీయ ప్రమాణం. సగటు అనే మాటలోనే అసలు కిటుకు ఉంది. సరుకు పట్టి ఎత్తే గ్రాబ్, గరాటులాంటి హాపర్ మీద ఎత్తున తెరుచుకుని, సముద్రపు గాలి ఊరి వైపు వీచే రెండు గంటల్లో ఏం జరిగిందో సగటులో కనబడదు. రాత్రి పని లేని గంటలు పగటి దుమ్మును కడిగేస్తాయి. నివేదిక పచ్చగా ఉంటుంది, కోట వీధిలో ఇల్లాలు మాత్రం మళ్లీ గుమ్మం తుడుచుకుంటుంది. ఆమె చెప్పేదీ నిజమే, మా నివేదికా నిజమే. ఆమె పీల్చేది మాత్రం సగటును కాదు. గంట గంటకూ వచ్చే అంకెను కాన్వెంట్ జంక్షన్లో, టౌన్ కొత్తరోడ్డులో తెలుగులో పెద్ద బోర్డు మీద చూపించాలని నేను చాలాకాలంగా అడుగుతున్నాను. గాలి వేగం ఫలానా గీత దాటితే గ్రాబ్ పని ఆపాలని, లేదా గ్రాబును హాపర్లోకి బాగా దించి నెమ్మదిగా తెరవాలని కూడా ముందే రాసి పెట్టుకోవాలి. రెండో పద్ధతికి ఒక్కో గ్రాబుకు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. ఆ సెకన్ల దగ్గర మళ్లీ టన్నుల లెక్క వచ్చి కూర్చుంటుంది.

నాణ్యత అంటే కస్టమరు ఫిర్యాదులు, సరుకు తరుగు అనుకుంటారు చాలామంది. ఇనుప ఖనిజం ఎగుమతి చేసిన ఊళ్లో పెరిగినవాళ్లం అలా అనుకోకూడదు. సన్నటి ఖనిజం పొడిలో తేమ ఒక హద్దు దాటితే, ఓడ ఊగుడుకి ఆ గుట్ట గుట్టంతా బురదై ఒక పక్కకి జారుతుంది, ఓడ ఒరిగిపోతుంది. 2009లో మన తీరాల నుంచి వానాకాలంలో బయల్దేరిన రెండు ఓడలు, మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్, ఖనిజం పొడితోనే మునిగాయి. తేమ పరీక్ష కాగితం నాణ్యత విభాగం ఫైల్లో ఉంటుంది. దాని మీద వేసే సంతకం ఓడలోని పాతిక మంది ప్రాణాల మీద వేసే సంతకం. డబ్బాలో పొడి తీసుకుని బల్ల మీద పదే పదే కొట్టి, పైన తడి మెరుస్తుందేమో చూసే పరీక్ష ఒకటుంది, ఓడ కెప్టెన్లు చేస్తారు. మా ల్యాబ్ కుర్రాళ్లకు నేను మొదట నేర్పేది అదే, యంత్రం తర్వాత.

కంటైనర్లలో అయితే మాట నిజాయితీయే నాణ్యత. లోపల ఏముందో పంపేవాడు ప్రకటించాలి, ఆ మాట మీద ఆధారపడి ఎక్కడ పేర్చాలో నిర్ణయిస్తారు. 2025 మే నెలలో కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగినప్పుడు 640 కంటైనర్లలో 13 ప్రమాదకర సరుకువని, వాటిలో 12 కాల్షియం కార్బైడ్‌వని చెప్పగలిగారంటే జాబితా ఉంది కాబట్టే. జాబితా ఉన్నా ప్లాస్టిక్ గుళికలు తీరమంతా కొట్టుకొచ్చాయి, అది వేరే దుఃఖం.

ఇక గేటు దగ్గర పెట్టే బోర్డు గురించి నాలుగు మాటలు. ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని పెద్ద అంకె ఉంటుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట స్లింగు కింద వేలు నలిగిన మనిషికి కట్టు కట్టించి, మర్నాడు ఆఫీసులోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. పనికి హాజరైనట్టే కాబట్టి పనిరోజు పోలేదు, బోర్డు మీద అంకె పడిపోలేదు. అతనికి టీ ఇచ్చారు, ఫ్యాను వేశారు, సాయంత్రం ఇంటికి పంపారు. ఆ నెలాఖరున సేఫ్టీ బహుమతి కింద అందరికీ స్టీలు డబ్బాలు పంచారు. ఆ బోర్డు ప్రమాదాలను తగ్గించదు, ప్రమాదం కబురు పైకి రాకుండా చేస్తుంది. తృటిలో తప్పిన ప్రమాదాలు ఎన్ని నమోదయ్యాయో చూపించే బోర్డు పెట్టండి, ఆ అంకె పెరిగితే సంతోషించండి అంటే యాజమాన్యాలకు ఎందుకో మనసొప్పదు.

నమోదు చేయాల్సినవాడు కాంట్రాక్టు మనిషి అన్నది ఇక్కడ మర్చిపోకూడదు. 2020 ఆగస్టు 1న పక్కనే హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేను పరీక్షిస్తుండగా కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో కాంట్రాక్టు సంస్థల వాళ్లే ఎక్కువ. డాక్ కార్మికుల భద్రతకు 1986లోనే ప్రత్యేక చట్టం వచ్చింది, 1990లో నిబంధనలు వచ్చాయి. ఎత్తే యంత్రాలను ఎన్నాళ్లకోసారి పరీక్షించాలో, ఏ తాడు పారేయాలో వివరంగా ఉంది. ఇప్పుడు దాన్ని వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. చట్టం తాడు గురించి చక్కగా చెబుతుంది. తాడు తెగేలా ఉందని చెప్పినవాడి రేపటి కూలి గురించి దాన్నుంచి ఆశించడం ఎక్కువేమో, అది ఒప్పందాల్లోనే రాయాలి.

మా ఆపరేషన్స్ మేనేజరు మంచి మనిషి. ఈ వ్యాసం రాస్తానంటే అడ్డు చెప్పలేదు గానీ ఒక మాట అన్నాడు: “అందరికీ పని ఆపే హక్కిచ్చి, ఆపిన గంటలకు కూలీ ఇస్తే ఇక ఓడ కదులుతుందా? గంగవరం ఉంది, పారాదీప్ ఉంది, సరుకు అటు పోదా?” ఆయన భయం కొట్టిపారేసేది కాదు. సరుకు పోతే ముందు పోయేది ఆ కుర్రాడి పనే. కానీ ఇన్నాళ్లలో నేను చూసింది ఊరికే పని ఆపినవాళ్లను కాదు, ఆపాల్సిన చోట కూడా ఆపనివాళ్లను. టన్ను లెక్కన బతికేవాడికి ఖాళీగా కూర్చోవడం సరదా కాదు. వాన మినహాయింపు ఉంది కదా అని ఎండలో వాన పడిందని ఎవరూ రాయడం లేదు. మీటరు అంకె, సమయం, ఇద్దరి సంతకాలు ఉంటే గాలికీ అంతే. సరుకు అటు పోతుందన్న దానికి మందు అన్ని పోర్టులకూ ఒకే గడి ఉండడమే. ఒక్క టెర్మినల్ మీద వదిలేస్తే మంచివాడే నష్టపోతాడు.

అందుకే అడుగుతున్నది చిన్నదే అయినా పైస్థాయిలో అడుగుతున్నాను. స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో వాన గడి పక్కన ‘భద్రత కోసం ఆపిన సమయం’ అని ఒక గడి పెట్టాలి. ఆ గంటలను రోజువారీ టన్నుల లెక్కలోంచి, జరిమానాల్లోంచి తీసేయాలి. ఆ గంటలకు గ్యాంగు కూలిని టెర్మినల్ నేరుగా కట్టాలి, కాంట్రాక్టరు చేతుల మీదుగా కాదు. పని ఆపమన్నవాడి పేరు కాంట్రాక్టరుకు చేరకూడదు. ఇనుపయుగం నాటి ఒప్పందాలు తిరగరాయడం కష్టమని పాత పోర్టులు చెప్పవచ్చు, కొంత నిజం కూడా.

కానీ రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టులు ఇప్పుడే లేస్తున్నాయి. అక్కడ ఇంకా బెర్తు నడిపేవాడితో, స్టీవ్‌డోర్‌తో, లేబర్ కాంట్రాక్టరుతో కుదుర్చుకోవాల్సిన ఒప్పందాలు చాలా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ మారిటైమ్ బోర్డు ఈ నాలుగు వాక్యాలను టెండరు పత్రాల్లో చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, డబ్బూ పెద్దగా అక్కర్లేదు. మొదటి ఓడ రాకముందే చేర్చాలి. వచ్చాక ఎవరూ చేర్చరు.